గడియ లేని తలుపులు

రాత్రి పండుకొనబోవు ముందు గృహస్థు వీధితలుపు గడియ వేయును. పెరటి తలుపును ఒకసారి నెట్టి చూచును. వంటింటి కిటికీ మూసినదీ లేనిదీ ఇల్లాలిని అడుగును. తన ఇంటికి ఎన్ని తలుపులున్నవో అతడెరుగును. కాని అదే ఇంట బల్లమీదనున్న కంప్యూటరునకు ఎన్ని తలుపులున్నవి? వానిలో ఏవి తెరచియున్నవి? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగల గృహస్థులు నేటికిని అరుదు. ఆ తలుపులను తెరచినది అతడు కాదు. అవి యంత్రముతోపాటే తెరచి వచ్చినవి. వానిని ఒక్కొక్కటిగా మూయుటకు జరిగిన ప్రయత్నముల చరిత్రయే నేటి ప్రసంగమునకు విషయము.

ఈ విషయమున సూత్రము మాత్రము పాతదే. 1975లో అమెరికాలో జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు కంప్యూటర్లలోని సమాచార రక్షణను గూర్చి ఒక వ్యాసము ప్రకటించిరి. అందు వారు ప్రతిపాదించిన సూత్రములలో ఒకటి ఇది: అనుమతి పొందినవానికే ప్రవేశము; ఏమియు చెప్పనిచో ద్వారము మూసియే ఉండవలెను. మరియొకటి: ఏ ప్రోగ్రామునకైనను దాని పనికి కావలసినంత అధికారమే ఈయవలెను, అంతకు మించి ఈయరాదు. వినుటకివి సామాన్యముగనే తోచును. కాని అమ్మువాని చింత వేరు. కొన్నవాడు మీట నొక్కగనే అన్నియు పనిచేయవలెను. మూసిన తలుపు పనికి అడ్డు వచ్చినచో కొన్నవాడు ఆనాడే ఫిర్యాదు చేయును. తెరచిన తలుపు సంగతియో, దొంగ వచ్చువరకు తెలియదు. అందుచేత సూత్రము గ్రంథములందును, తెరచిన తలుపులు యంత్రములందును చిరకాలము నిలిచిపోయినవి.

1988 నవంబరు 2వ తేదీన దొంగ రానే వచ్చెను. కార్నెల్ విశ్వవిద్యాలయమున చదువుచున్న రాబర్ట్ మోరిస్ అను యువకుడు ఇంటర్నెట్టులోనికి ఒక ప్రోగ్రామును విడిచెను. అది తనంత తానే ప్రతులు తీసికొనుచు యంత్రమునుండి యంత్రమునకు ప్రాకి, వేలకొలది కంప్యూటర్లను స్తంభింపజేసెను. అది చొచ్చిన మార్గములలో ఒకటి గమనింపదగినది. ఉత్తరములను చేరవేయు సెండ్‌మెయిల్ అను ప్రోగ్రాములో, తప్పులను పరీక్షించుటకై ఏర్పరచిన ఒక వసతి పలుచోట్ల మూయబడక మిగిలిపోయెను. తాపీమేస్త్రీ పని ముగించి, తానెక్కిన నిచ్చెనను గోడకే ఆనించి పోయినట్లయినది. సులభముగా ఊహింపదగిన పాస్‌వర్డులు దానికి తోడైనవి.

తరువాత రెండేండ్లకు, 1990లో, పర్డ్యూ విశ్వవిద్యాలయమున డాన్ ఫార్మర్ అను విద్యార్థి ఆచార్య జీన్ స్పాఫర్డు పర్యవేక్షణలో ‘కాప్స్’ అను సాధనమును సిద్ధపరచెను. అది ఒక మహాయంత్రము కాదు. చిన్నచిన్న ప్రోగ్రాముల కూర్పు. ఒకటి పాస్‌వర్డుల బలమును చూచును. మరియొకటి, ఎవరైనను మార్చగల ఫైళ్ళను వెదకును. చూచినదానిని యజమానికి నివేదించును; మూయుట యజమాని పని. 1995లో ఫార్మర్, వీట్సే వెనెమాతో కలసి, నెట్‌వర్కు ద్వారా వెలుపలినుండి తలుపులు తట్టి చూచు ‘సేటన్’ అను సాధనమును ప్రకటించినప్పుడు గొప్ప వివాదము చెలరేగెను. దొంగ చేతికి తాళపుచెవుల గుత్తి నిచ్చితిరని కొందరు నిందించిరి. కాని తలుపుల లెక్క దొంగకు ముందే తెలియును, తెలియనివాడు యజమానియే. వివాదమునకు అదియే సరియైన సమాధానము.

ఇవన్నియు విశ్వవిద్యాలయముల, సంస్థల యంత్రములను గూర్చిన మాటలు. 1995 తరువాత విండోస్ యంత్రములు టెలిఫోను తీగకు తగిలి ఇండ్లలోనికి వచ్చుటతో సమస్య గృహస్థునిదైనది. ఒకే ఇంటి కంప్యూటర్లు తమలో తాము ఫైళ్ళు పంచుకొనుటకై ఏర్పరచిన వసతి, ఇంటర్నెట్టుకు కలిపినప్పుడు వెలుపలివారికిని కనబడుట కలదు. 1999లో స్టీవ్ గిబ్సన్ ‘షీల్డ్స్ అప్’ అను ఉచిత పరీక్షను ఏర్పరచి, గృహస్థుని కంప్యూటరును వెలుపలినుండి తట్టి, ఏ తలుపు తెరచుకొనుచున్నదో అతనికే చూపెను.

మరుసటి ఏడు, 2000 మే నెలలో, ఫిలిప్పీన్సునుండి బయలుదేరిన ప్రేమలేఖ లోకమంతయు తిరిగెను. వచ్చిన ఫైలు నిజముగా ఆదేశముల పట్టిక. దాని పేరు చివర ఆ గుర్తు ఉన్నది. కాని ఫైలు పేరులోని చివరి భాగమును దాచిపెట్టుట విండోసులో పుట్టుకతో వచ్చిన అమరిక. కావున చూచువారికి అది సామాన్యమైన లేఖవలె కనబడెను. అట్టి పట్టికలను నడపు ‘స్క్రిప్ట్ హోస్ట్’ అను భాగము గృహస్థులలో బహుకొద్దిమందికే అవసరము. అయినను అది యంత్రముతోపాటు ఇంటింటను సిద్ధముగనే ఉండెను.

2001 అక్టోబరులో విండోస్ ఎక్స్‌పీ వెలువడెను. రెండు నెలలకే, నెట్‌వర్కు పరికరములను గుర్తించుటకై అందులో ఎల్లప్పుడు మేలుకొనియుండు ఒక సేవలో పెద్దలోపము బయటపడెను. అట్టి పరికరములు అప్పటికి చాల ఇండ్లలో లేనే లేవు. గిబ్సన్ ఒక బుల్లి ప్రోగ్రాము వ్రాసి పంచిపెట్టెను. దాని మీట నొక్కిన ఆ సేవ ఆగును. మరల నొక్కిన మేలుకొనును. 2002 జనవరిలో బిల్ గేట్స్ తన ఉద్యోగులకు వ్రాసిన లేఖలో, కొత్త వసతికిని రక్షణకును నడుమ ఎంచుకొనవలసి వచ్చినప్పుడు రక్షణనే ఎంచుడని ఆదేశించెను. అయినను 2003 ఆగస్టులో ‘బ్లాస్టర్’ అను పురుగు ప్రోగ్రాము ఇండ్లలోని యంత్రములను వరుసగా పడగొట్టెను. లోపమును సరిచేయు సవరణ నెలముందే వెలువడినది. అడ్డుగోడయగు ఫైర్‌వాల్ ఎక్స్‌పీలోనే ఉన్నది. కాని దానిని ఆపి ఉంచిరి! కాపలావాడు ఇంట నుండియు నిద్రపుచ్చబడెను. 2004 ఆగస్టులో వచ్చిన రెండవ సర్వీస్ ప్యాకుతో ఆ ఫైర్‌వాల్ తనంత తానే మేలుకొనియుండునట్లు మార్చిరి. 1975 నాటి సూత్రము సామాన్యుని గడప తొక్కుటకు ఇరువదితొమ్మిదేండ్లు పట్టినది.

కథ అంతటితో ముగియలేదు. పెన్‌డ్రైవు పెట్టగనే దానిలోని ప్రోగ్రామును నడపు అమరికను 2008 నాటి ‘కాన్‌ఫికర్’ వాడుకొనగా, పాత విండోసులలో ఆ తలుపు 2011లో మూయబడెను. 2017 మే 12న ‘వన్నాక్రై’ విజృంభించి, ఫైళ్ళను తాళము వేసి సొమ్ము అడిగెను. అది చొచ్చిన మార్గము ఫైళ్ళు పంచుకొను అతి పాత పద్ధతిలోనిది. దాని సవరణ మార్చిలోనే వెలువడియుండెను. బ్రిటనులో వైద్యశాలల పని నిలిచిపోయినది. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయముల కంప్యూటర్లును దెబ్బతినెను.

‘హార్డెన్‌టూల్స్’ అను చిన్న సాధనము వెలుగుచూచినదియు ఆ యేడే. విలేఖరులకు, హక్కుల కార్యకర్తలకు తోడ్పడు సెక్యూరిటీ వితౌట్ బోర్డర్స్ అను బృందము దానిని తయారుచేసి ఉచితముగ ఇచ్చినది. అది క్రొత్తగా కావలివానిని తేదు. ఉన్న తలుపులను మూయును. స్క్రిప్ట్ హోస్టును ఆపును. పెన్‌డ్రైవు ప్రోగ్రాములు తామే నడచుటను ఆపును. ఆఫీసు పత్రములలోని మాక్రోలను, పీడీఎఫ్ పత్రములలోని జావాస్క్రిప్టును నిలుపును. ఇవన్నియు విండోస్ అమరికలలో ఎక్కడనో దాగియున్న మీటలే. సామాన్యునికి వెదకుట కష్టమగుటచే ఒక్కచోట చేర్చిరి. ఆ ప్రోగ్రామునే మరల నడిపినచో పూర్వపు అమరికలను తిరిగి తెచ్చుకొనవచ్చును.

ఇట్టి సాధనములకు హద్దులు లేకపోలేదు. మాక్రోలతో లెక్కలు వ్రాయు గుమాస్తాకు వానిని మూసిన పని సాగదు. గడియ వేయువానికి గడియ తీయుటయు తెలియవలెను. పైగా, ఏ గడియయు సవరణలకు బదులు కాజాలదు. ప్రేమలేఖను తానే తెరచు చేతిని పూర్తిగా ఆపగల సాధనమును లేదు.

అయినను ఈ చరిత్ర ఒక సంగతిని స్పష్టము చేయుచున్నది. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లు, తయారుచేసినవారు ప్రతి తలుపును నష్టము జరిగిన పిమ్మటనే మూసిరి. ఇంటర్నెట్టునుండి వచ్చు పత్రములలోని మాక్రోలు 2022లో గాని తమంత తాము మూయబడలేదు. చిన్న సాధనములు చేసినవారు అంతకు ఏండ్లముందే ఆ తలుపును వ్రేలితో చూపియుండిరి. నడుమ గడచిన కాలమునకు మూల్యము చెల్లించినవాడు గృహస్థు: పోయినవి అతని లేఖలు, అతని బిడ్డల ఛాయాచిత్రములు, అతని లెక్కలు.

కావున క్రొత్త యంత్రమును ఇంటికి తెచ్చిననాడు, ఇది ఏమేమి చేయగలదని అడుగుటతో తృప్తి పడరాదు. ఇందు నాకక్కరలేనిదేది, దానిని మూయుట ఎట్లని కూడ అడుగవలెను. రాత్రి పెరటి తలుపు నెట్టి చూచు అలవాటు మనకు ఎవరును నేర్పలేదు; పెద్దలను చూచి వచ్చినది. ఈ అలవాటును అట్లే మన పిల్లలకు మననుండి రావలసియున్నది.