ఆ గీత కాసి సూడు

విశాఖ రేవులో సాయంత్రం ఆరు గంటలు. నిచ్చెన తీసేశారు. ఇంతసేపూ మేడలా కదలకుండా నిలబడ్డ అండమాన్ ఓడకీ గట్టుకీ మధ్య మూరెడు నీళ్లు తొంగిచూశాయి. మూర కాస్తా బారైంది, బార కాస్తా వీధంత వెడల్పైంది. అప్పటిదాకా చేతులూపుతున్నవాళ్ల మొహాలు మీకిక ఆనవు.

లోపలి రేవు నుంచి సముద్రంలోకి దారి ఒక ఇరుకు కాలువ. కుడివైపు డాల్ఫిన్స్ నోస్ కొండ నిటారుగా లేచి ఉంటుంది. ఎడమవైపు వరసగా మూడు గుట్టలు, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకన్న గుడి. 1933లో జలదుర్గ అనే ఓడ ఈ కాలువలోంచి వచ్చాకే విశాఖకు రేవుపట్నమన్న పేరు ఖాయమైంది. మీ పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డ ముసలామె మూడు గుట్టలకీ ఒకేసారి దణ్ణం పెట్టేసింది. ఏ దేవుణ్ణీ వదిలిపెట్టే ఉద్దేశం ఉన్నట్టు లేదు. ఆమెది ఉద్దానం. కొడుకు పోర్ట్ బ్లెయిర్‌లో తాపీపని చేస్తాడట. కాళ్ల దగ్గర గోనెసంచి, అందులో పనసకాయ.

క్రూజ్ అనగానే మనసులో మెదిలే ఈతకొలనూ కాసినో ఇక్కడ వెతక్కండి. డెక్కు ఉంది, గాలి ఉంది, భోజనానికి పెద్ద వరస ఉంది. దాదాపు 1200 కిలోమీటర్ల దారి, 56 నుంచి 60 గంటల ప్రయాణం. విమానం రెండు గంటల్లో దింపేస్తుంది, నిజమే. కానీ ఒడ్డు ఎంత దూరమో విమానంలో కాళ్లకి తెలియదు.

రాత్రి పదికల్లా ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. బంకు తరగతి హాల్లో రెండేసి అంతస్తుల పడకలు, డీజిల్ వాసన, ఎవరో విప్పిన ఆవకాయ పొట్లం వాసన. మొదటి రాత్రి నిద్ర పడుతుంది. రెండో రోజు పొద్దున్న మాత్రం మీ పొట్ట మీ మాట వినదు. ఓడ ముక్కు మెల్లగా పైకి లేస్తుంది, ఒక్క క్షణం ఆలోచిస్తుంది, కిందకి దిగుతుంది. మీరు డెక్కు మీదికి పరుగెత్తి, కమ్మీ మీద వాలి, నురగ వంక చూస్తారు. అదే తప్పు.

"కడుపులో తిప్పేస్తందేటి? కిందకి సూడకు. అదిగో, ఆ గీత కాసి సూడు."

ముసలామె వేలు నీళ్లూ ఆకాశమూ కలిసేచోటుని చూపిస్తోంది. మీరు చూస్తారు. ఓడలో అన్నీ ఊగుతున్నాయి, అదొక్కటే ఊగడం లేదు. కాసేపటికి నోట్లో ఊరుతున్న నీళ్లు ఆగాయి. ఆమె ఓ చింతపండు పిడచ మీ చేతిలో పెట్టి, కొంగు తలకి చుట్టుకుని, ఏమీ జరగనట్టు కూర్చుంది. ఇది ఆమెకి ఎన్నో ప్రయాణమో అడిగితే లెక్కపెట్టలేదంది.

మధ్యాహ్నానికి నీటి రంగు మారింది. విశాఖ దగ్గర ఆకుపచ్చగా ఉన్నది ఇక్కడ సిరాలా, నలుపుకి ఒక్క చుక్క తక్కువగా ఉంది. కింద సుమారు రెండున్నర కిలోమీటర్ల లోతు. కాలాపానీ అన్నది జైలుకి పేరని అనుకుంటాం గానీ, ముందు ఈ నీళ్లనే చూస్తే ఆ మాట వేరేలా వినిపిస్తుంది. ఎగిరే చేపలు వెండి గవ్వల్లా చెదిరి మళ్లీ మునిగాయి. ఆ తర్వాత ఒక పగలంతా చెప్పుకోడానికి ఏమీ లేదు. ఉన్నది గీత ఒక్కటే.

నాలుగో నాటి తెల్లవారుజామున మొదట మబ్బులు, తర్వాత మబ్బుల కింద ముదురాకుపచ్చ. ఓడ హార్బర్ మలుపు తిరుగుతుంటే ఎడమవైపు చెట్లు కమ్మేసిన చిన్న దీవి, కుడివైపు కొబ్బరిచెట్ల మధ్య నార్త్ బే లైట్‌హౌస్. ఎక్కడో చూసినట్టుందే అనుకుంటారు. నిజమే, పాత ఇరవై రూపాయల నోటు వెనక ఉన్న బొమ్మ ఈ నార్త్ బేదే. 2024లో ఊరి పేరు శ్రీ విజయపురంగా మార్చారు. డెక్కు మీద మాత్రం అందరూ "పోర్ట్ బ్లెయిర్ వచ్చేసింది" అనే అరుస్తున్నారు.

హాడో రేవులో దిగుతారు. నేల ఊగుతోంది. నేల కాదు, మీ కాళ్లు.

ఆ ఊపుతోనే పడవెక్కి రాస్ దీవికి వెళ్తారు. 2018 నుంచి అది నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. దొరల చర్చి గోడల్ని చెట్ల వేళ్లు పిడికిట్లో బిగించాయి. జింకలు మీ సంచీలో బిస్కెట్ల కోసం వాసన చూస్తాయి. గంట చాలు.

సెల్యులర్ జైలుకి గంట చాలదు. 1906కి కట్టడం పూర్తయింది. ఏడు బారుల్లో మిగిలినవి మూడు. మీరు ఒక గదిలోకి వెళ్లి నిలబడతారు. పొడవు పదమూడున్నర అడుగులు, వెడల్పు ఏడున్నర. ఎదుట బారు వీపే కనబడేలా కట్టారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. కింద ప్రాంగణంలో గానుగ. ఎద్దుని కట్టాల్సినచోట మనిషిని కట్టి, రోజుకి 30 పౌన్ల కొబ్బరినూనె తీయమన్నారు. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొరనీ అండమాన్‌కే పంపారు. ఆయన తిరిగొచ్చి, 1952లో విశాఖ నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యాడు. ఆ కొండమనిషి ఈ నీళ్లని అటూ ఇటూ దాటాడన్నది తలుచుకుంటుంటే గది మెల్లగా పైకి లేస్తుంది, దిగుతుంది. మూడు రాత్రుల ఊపు ఇంకా మీ ఒంట్లోంచి పోలేదు. అలవాటుగా గీత కోసం చూస్తారు. కిటికీ మీ తలకి ఎంతో ఎత్తున ఉంది. అందులోంచి కనిపించేది ఆకాశం ముక్క మాత్రమే. గోడ పట్టుకుని కూర్చుంటారు.

సాయంత్రం జంగ్లీఘాట్. చేపల బుట్టల మధ్య బేరం తెలుగులోనే, అదీ శ్రీకాకుళం యాసలో సాగుతోంది. "ఏటండీ, ఊర్నించా?" అని ఒకామె మిమ్మల్ని పలకరించి, జవాబు వినకుండానే వంజరం తూకం వేసేస్తుంది. ఐదున్నరకే సూర్యుడు దిగిపోయాడు. మార్చి నెల, గడియారం మన గడియారమే. ఇంటికి ఫోన్ చేసి చీకటి పడిందని చెబుతారు.

"ఇక్కడింకా ఎండ ఉంది" అంటారు అవతల.