కందకె పక్షం

నేను చదివిన పాఠ్యపుస్తకాల్లో నైలు నదంటే ఈజిప్టే. దానికి ఎగువన, నేటి సూడాన్‌లో, కుష్ అనే రాజ్యం ఉండేదనీ, ‘కందకె’ బిరుదుతో స్త్రీలూ దాన్ని ఏలారనీ రికార్డు చేసిన ఉపన్యాసాలు వింటేనే తెలిసింది.

క్రీ.పూ. 25 ప్రాంతంలో రోమన్లతో తలపడిన కందకెను గ్రీకు రచయిత స్ట్రాబో మగరాయుడిలాంటి ఆడదనీ, ఒంటికన్నుదనీ పరిచయం చేశాడు. (ఈ తిట్టుకు రెండువేల ఏళ్లన్నమాట!) ఆమె అమనిరెనస్ అని పండితుల అంచనా. 1910లో కుష్ రాజధాని మెరోయెలో, గుడి మెట్ల కింద, రోమన్ చక్రవర్తి అగస్టస్ కంచు తల దొరికింది. వచ్చేపోయేవాళ్లు తొక్కి నడిచేలా పాతిపెట్టినట్టుంది. విగ్రహాలు కూల్చారని రాసిన స్ట్రాబో ఈ మెట్ల సంగతి చెప్పలేదు.

అమనిరెనస్ పేరున్న శాసనమూ దొరికింది. ఆ లిపిని గ్రిఫిత్ 1911 నాటికే ఛేదించాడు. అక్షరాలు పలకగలం, భాష మాత్రం చాలావరకు అర్థం కాదు. అందుకే నేను విన్న ఉపన్యాసాలన్నీ యుద్ధం దగ్గరికి వచ్చేసరికి స్ట్రాబోనే అరువు తెచ్చుకున్నాయి.