డీజే దొరికింది, పర్ధాన్ ఏడి?

మేము చదువుకునే చొప్పదండిలో పెళ్లి కుదిరిందంటే ముందు తిరిగేది డీజే, టెంటు, వంటోళ్ల కోసమే. రేటు అడుగుతరు, బేరమాడుతరు, అడ్వాన్స్ ఇస్తరు. సెలవులకు ఆదిలాబాద్ దిక్కు మా ఊళ్లకు పోతే అక్కడా ఇదే ముచ్చట. కానీ గోండుల పెళ్లిలో వాయించేటోళ్లను వెతుకుడు అనేదే ఒకప్పుడు లేదు.

గోండు వంశాలకు తరతరాలుగా పర్ధాన్ కుటుంబాలో, తోటి కుటుంబాలో ఉండేవి. పెళ్లి గోండులది, వాద్యం వాళ్ల హక్కు. కిక్రీ తీగల మీద కమాను నడుపుతూ దేవతల కథ, వంశం పుట్టుక పాడేటోళ్లు. పర్ధానుల ఇంటి భాష మరాఠీ, పాడేది మాత్రం గోండిలో! ప్రతిఫలం ధాన్యం, బట్టలు, పశువులు. 1940లలో మార్లవాయిలో ఉన్న హైమెండార్ఫ్ ఈ సంబంధాన్ని వివరంగా రాసిండు.

అంతా మంచిగనే ఉండెనని కాదు. దాత ఇంట్ల పంట లేకుంటే వీళ్లకూ గింజ రాదు. పాట కావాలె, పాడేటోడు మాత్రం తక్కువ అన్న చూపు కూడా ఉండేది.

అయినా నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవతల సగలు ఎట్ల పుట్టినయో, ఒకే సగలో పిల్లను ఎందుకు చేసుకోరో చెప్పేది ఆ కథలే. డీజే అమ్మేది చప్పుడు. ఆయనను తప్పుపట్టేదేం లేదు.

డీజే వద్దని మేము అంటలేం. ఖర్చుల లిస్టులో పర్ధాన్‌ను, తోటిని ముందు రాయండి. డీజేకిచ్చే రేటే వాళ్లకూ ఇయ్యండి. వాళ్లు పాడినంతసేపు బాక్సులు బంద్ పెట్టి, ఒకరు ఫోన్‌లో మొత్తం రికార్డు చేయండి.