జలాంతర్గామి నాయకుడు మార్టిన్ నీమొల్లర్

యుద్ధములో పతకములు పొందినవారి చరిత్రలు మనము చాలా చదివియున్నాము. కాని తమ గతమును తామే తూచి చూచుకొని, తప్పును తప్పని నలుగురిలో ఒప్పుకొన్నవారు అరుదు. జర్మనీ దేశస్థులైన మార్టిన్ నీమొల్లర్ గారు అట్టివారు. గనుక వారి జీవితమును క్లుప్తముగా మీ ముందుంచుచున్నాము.

నీమొల్లర్ గారు 1892 జనవరి 14న లిప్‌స్టాట్ పట్టణములో ఒక లూథరన్ బోధకుని ఇంట జన్మించారు. 1910లో నౌకాదళములో చేరి, మొదటి ప్రపంచ యుద్ధకాలమున 1916 నుండి జలాంతర్గాములలో పనిచేశారు. ఆనాటి జలాంతర్గామి నీటిపైన డీజిల్ యంత్రముతోను, నీటి అడుగున బ్యాటరీలతోను నడిచెడిది. బ్యాటరీలు తరిగినకొలది శత్రువు ఎదుట ఉన్నను పైకి తేలక తప్పదు. అందులోనివారికి ప్రతి ప్రయాణమును ప్రాణగండమే.

1917 జనవరి 25న వారు పనిచేయుచున్న యు-39 మధ్యధరా సముద్రములో ఫ్రెంచి సైనికులతో వెళ్లుచున్న ఒక ఓడను ముంచివేసినది. నీటిలో కొట్టుకొనుచున్నవారిని ఎక్కించుకొనుటకు వచ్చిన యుద్ధనౌకను కూడ ఆ పని చేయనీయలేదు. బ్రతికి ఒడ్డు చేరిన సైనికుడు మరల తమవారిపై తుపాకి పట్టునని వారి లెక్క. అయినను ఆ దినము తన జీవితములో ఒక మలుపని నీమొల్లర్ గారు తరువాత వ్రాసికొన్నారు.

1918లో యుసి-67కు వారే నాయకులైరి. వారి సేవకు మొదటి తరగతి ఇనుప శిలువ పతకము లభించినది. యుద్ధము ముగిసిన పిదప జలాంతర్గాములను ఇంగ్లండునకు అప్పగించుటకు తీసికొని వెళ్లుమనగా నిరాకరించి, ఉద్యోగము విడిచిపెట్టిరి. పిమ్మట వేదాంతవిద్య నభ్యసించి 1924లో బోధకులుగా అభిషేకము పొందిరి. 1931 నుండి బెర్లినులోని డాలెం సంఘమును కాచిరి.

ఒక సంగతి దాచరాదు. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చినప్పుడు ఆయన సంతోషించినవారిలో ఒకరు. యూదులను గూర్చి కఠినముగా మాటలాడినవారు కూడ. ప్రభుత్వము సంఘముపై చేయి వేసినప్పుడు మాత్రము ఎదిరించి, 1933 సెప్టెంబరులో బోధకుల కూటమి నొకదానిని స్థాపించిరి. కొద్ది నెలలలో 6,000 మందికి పైగా అందులో చేరిరి. 1937 జులై 1న వారిని బంధించిరి. న్యాయస్థానము విధించిన శిక్ష అప్పటికే తీరిపోయినను హిట్లరు విడువక, సాక్సెన్‌హౌసెన్‌కు, 1941లో డాకౌకు పంపించెను. 1939లో చెరనుండియే మరల నౌకాదళములో సేవ చేయుదునని వ్రాసిరి. దేశాభిమానము వారిని అంతగా పట్టియుండెను.

1945లో విడుదల పొందిన తరువాత భార్యతో డాకౌకు వెళ్లిరి. 1933 నుండి 1945 వరకు ఇచ్చట మనుష్యులను దహించిరని తెలుపు ఫలకమును చూచి నిలిచిపోయిరి. 1937 తరువాత నేను ఖైదీని, మరి అంతకు ముందు నాలుగేండ్లు నేనెక్కడ ఉంటినని తన్ను తానే ప్రశ్నించుకొనిరి. ఆ అక్టోబరులో స్టుట్‌గార్ట్‌లో జర్మను సంఘనాయకులు తమ దోషమును ఒప్పుకొన్న ప్రకటనపై వారు సంతకము చేసిరి. ఊరూర తిరిగి అదే చెప్పగా స్వదేశస్థులే అనేకులు కోపగించుకొనిరి.

1961లో మన ఢిల్లీ నగరములో జరిగిన ప్రపంచ సంఘముల మండలి మహాసభ వారిని అధ్యక్షులలో ఒకరిగా ఎన్నుకొనినది. శాంతి కొరకు శ్రమించి 1984 మార్చి 6న కన్నుమూసిరి.

సముద్రములో చూపిన ధైర్యమునకు వారికి పతకము వచ్చినది. నేనెక్కడ ఉంటినని అడుగుకొనుటకు కావలసిన ధైర్యమునకు పతకము లేదు. ఆ ప్రశ్న మనలో ప్రతివానికిని చెందినదని మేము తలంచుచున్నాము.