వర్తకము, వాఙ్మయము: అమృతాంజనము మొదలు సైబరాబాదు వరకు

వ్యాపారసంస్థను నడపువారు రచనావ్యాసంగమునకు కూడ పూనుకొన్నచో రెంటికిని న్యాయము చేయగలరా? హైదరాబాదు హైటెక్ సిటీలో సంస్థాధిపతులు వ్యాసములు వ్రాయుట, సభలలో ప్రసంగించుట పదవీధర్మములలో ఒకటిగా పరిగణింపబడుచున్నందున ఈ ప్రశ్న విచారణార్హము. దీనిని కాలవిభజనకు సంబంధించిన సమస్యగా భావించుట పరిపాటి. చరిత్రను పరిశీలించినచో, ఆ వ్రాత ఎవరికి జవాబుదారి యనునదే ముఖ్యాంశమని తోచుచున్నది.

ఆంధ్రదేశమున ఇందుకు ప్రసిద్ధ నిదర్శనము కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు (1867-1938). వీరు 1893లో బొంబాయిలో అమృతాంజనమును నెలకొల్పిరి. 1908లో అచ్చటనే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో మదరాసున దినపత్రికగా వెలువరించిరి. 1924లో భారతి, 1926లో ఆంధ్ర గ్రంథమాల వెలసినవి. ఔషధవిక్రయమువలన లభించిన ధనము ఈ వాఙ్మయసేవకు ఆధారమయ్యెను.

ఇందు రెండంశములు గమనింపదగినవి. మొదటిది, పంతులుగారు పండితుల పనిని పండితులకే విడిచిరి. గ్రంథమాలలో వెలువడిన బసవపురాణమునకు వేటూరి ప్రభాకరశాస్త్రిగారు విపులమైన పీఠికను సంతరించిరి. ప్రకటనభారము మాత్రము పంతులుగారిది. రెండవది, పత్రికకు పాఠకుడే పరీక్షకుడు. పత్రికలో అమృతాంజనపు ప్రకటనలు లేకపోలేదు గదా యని ఆక్షేపింపవచ్చును. నిజమే. కాని ప్రకటన ప్రకటనగానే కనబడెను. సంపాదకీయమేదో, సరకుగుణవర్ణన యేదో చదువరి సులభముగా వేరుపరచుకొనగలిగెను.

సైబరాబాదు పరిస్థితి భిన్నమైనది. మాదాపురమున సైబర్ టవర్స్ భవనమును 1998లో నాటి ప్రధానమంత్రి వాజపేయిగారు ప్రారంభించిరి. ఈ ప్రాంతమునకు ఖ్యాతి తెచ్చినది కంటికి కనబడు సరకు కాదు, సేవ. అమృతాంజనము కొన్నవాడు దాని గుణమును తన నొసటనే పరీక్షించుకొనును. వాటాదారునకు ఆ యవకాశము లేదు. సంస్థాధిపతి మాటయు, లెక్కల పత్రమును మాత్రమే అతనికి ప్రమాణములు. కావున ఇచ్చట మాటయే కొంతవరకు సరకైనది. వ్యాసమునకును ప్రకటనకును నడుమ పూర్వమున్న గీటు చెరగిపోవుటకు ఇది ముఖ్యకారణము.

ఇందలి ప్రమాదము హైదరాబాదు నగరమున 1987లో స్థాపితమైన సత్యం కంప్యూటర్స్ చరిత్రవలన విశదమగుచున్నది. సత్పరిపాలనకు గాను 2008లో బహుమానమందుకొన్న సంస్థ యది. 2009 జనవరి 7వ తేదీన దాని అధ్యక్షులు రామలింగరాజుగారు సంచాలకమండలికి వ్రాసిన లేఖలో, నగదు, బ్యాంకు నిల్వల క్రింద చూపిన మొత్తములో 5,040 కోట్ల రూపాయలు వాస్తవమునకు లేవని అంగీకరించిరి. అంతకుముందు సంస్థ పక్షమున వెలువడిన ప్రశస్తవాక్యములన్నియు ఆ యొక్క లేఖతో విలువ గోల్పోయినవి. వాటిని లెక్కలతో సరిచూడగల స్వతంత్రపాఠకుడు లేకపోవుటయే ఇందలి లోపము.

వేరొక మార్గమును బి. వి. ఆర్. మోహన్ రెడ్డిగారి చరిత్ర చూపుచున్నది. వీరు 1991లో స్థాపించిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ 2014లో సైయెంట్ అను నామము ధరించెను. ఆ యేటనే ముఖ్యనిర్వహణాధికార పదవి కృష్ణ బోదనపుగారికి సంక్రమించెను. స్వీయానుభవములను వివరించు 'ఇంజనీర్డ్ ఇన్ ఇండియా' అను ఆంగ్లగ్రంథము 2022లో వెలువడినది. నిత్యనిర్వహణభారమును దించుకొన్న పిదప వెలువడిన రచనకు నాటి వ్యాపారావసరముల ఒత్తిడి తక్కువగా నుండుట సహజము. అయినను తన కథను తానే చెప్పుకొనుట యను పరిమితి అట్టి గ్రంథమునకు ఉండక తప్పదు.

కావున రెండు వ్యాసంగములకు పొత్తు కుదురుట దినమున ఎన్ని గడియలు దేనికి కేటాయించితిమను దానిపై ఆధారపడదు. పంతులుగారు వర్తకలాభమును తన స్తుతికి గాక, తనను ప్రశ్నింపగల పాఠకలోకమును పెంచుటకు వినియోగించిరి. హైటెక్ సిటీ ధనము నుండి తెలుగున ఒక భారతి, ఒక గ్రంథమాల పుట్టవలెనని ఆశించుట అత్యాశ కాదు. అట్టివి పుట్టిననాడు అచ్చటి నాయకుల మాటలను తూచి చూచుటకు మన భాషలోనే ఒక త్రాసు ఏర్పడును.