కాజీపేట లోకో ఇన్‌స్పెక్టర్లు

కాజీపేట డ్రైవర్ల వృత్తిలో చివరి మెట్టు లోకో ఇన్‌స్పెక్టరు పదవి. ఏళ్ల తరబడి రైళ్లు నడిపిన డ్రైవరు ఆ మెట్టెక్కాక ఇంజను వదిలి మనుషుల్ని చూసుకోవాలి. తనకు అప్పగించిన డ్రైవర్లకు పని నేర్పడం, వాళ్ల పని పరీక్షించడం, తప్పు జరగకముందే సరిదిద్దడం అతని బాధ్యత.

నిజాం రైల్వే లైను 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు వచ్చింది. 1886లో వరంగల్లు దాకా, 1889లో బెజవాడ దాకా సాగింది. సికింద్రాబాదుకు సుమారు 132 కిలోమీటర్ల దూరంలో ఉన్న కాజీపేట అప్పటికి దారిలో ఒక స్టేషను మాత్రమే. 1929లో బల్లార్షా లైను పూర్తయి ఢిల్లీ–మద్రాసు దారి కలిశాక అది పెద్ద జంక్షనయింది. బొగ్గు బండ్లూ మెయిళ్లూ ఇక్కడ ఆగి సిబ్బందిని మార్చుకునేవి. లోకో షెడ్డు చుట్టూ రైల్వే క్వార్టర్లు, వాటి మధ్య ఒక ఊరు పెరిగాయి. బండి వేళ దగ్గర పడగానే కాల్ బాయ్ పుస్తకం పట్టుకుని డ్రైవరు ఇంటి తలుపు తట్టేవాడు. అర్ధరాత్రయినా సంతకం పెట్టి బయలుదేరాల్సిందే.

ఆవిరి ఇంజన్ల కాలంలో ఈ వృత్తికి బడి షెడ్డే. కుర్రాడు ఇంజను తుడిచే ఖలాసీగా చేరేవాడు. ఆ తర్వాత సెకండ్ ఫైర్‌మన్, ఫస్ట్ ఫైర్‌మన్, షంటర్, గూడ్స్ డ్రైవరు, ప్యాసింజరు డ్రైవరు, మెయిల్ డ్రైవరు. ఊరి పక్కనే 1959లో శంకుస్థాపన జరిగిన రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగైదేళ్ల చదువుతో పట్టా చేతికొచ్చేది. షెడ్డులో మెయిల్ బండి చేతికి రావాలంటే సగం జీవితం గడిచిపోయేది.

ఆ చదువంతా పార దగ్గర మొదలయ్యేది. బొగ్గును కుప్పగా పోస్తే సరిగా మండక పొగగొట్టం నల్లగా కక్కుతుంది. కొంచెం కొంచెంగా, పలచగా, నిప్పు మీద నలుమూలలా పడేలా చల్లాలి. ముందు ఎత్తు వస్తుందని తెలిస్తే ఆవిరిని ముందే కూడగట్టుకోవాలి. గాజు గొట్టంలో నీటిమట్టం మీద ఒక కన్ను ఎప్పుడూ ఉండాలి. నీరు మరీ దిగితే నిప్పుగది పైకప్పులోని సీసపు బిరడా కరిగి, ఆవిరి నిప్పు మీదికి దూకుతుంది, బండి దారిలోనే నిలిచిపోతుంది. ఇవన్నీ పక్కన నిలబడ్డ పెద్ద డ్రైవరు చెబితేనో, కసిరితేనో వచ్చేవి. అలా నేర్చుకున్నవాడే తర్వాత నేర్పేవాడయ్యాడు. ఆనాటి ఇన్‌స్పెక్టర్లు ఇంజనెక్కి ముఖ్యంగా చూసేది బొగ్గు ఖర్చు.

1951లో నిజాం రైల్వే సెంట్రల్ రైల్వేలో, 1966లో కాజీపేట కొత్తగా ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేలో భాగమయ్యాయి. వృత్తిని అంతకన్నా ఎక్కువగా మార్చింది డీజిలూ, ఆపైన 1980ల్లో వచ్చిన కరెంటు తీగా. పార పోయింది, ఫైర్‌మన్ పోయాడు. ఒళ్లు వంచి చేసే పని తగ్గి, కళ్లు మూతపడకుండా కూర్చునే పని పెరిగింది. ఇన్‌స్పెక్టరు పనిలో అసలు మార్పు ఇక్కడే వచ్చింది. బొగ్గును లెక్కపెట్టినవాడు ఇప్పుడు మనిషి ధ్యాసను కనిపెట్టాలి.

అందుకే అతను రాత్రి బండ్లలో క్యాబెక్కి వెనక నిలబడతాడు. ముందు సిగ్నల్ కనిపించగానే ఇప్పుడు లోకో పైలట్ అని పిలిచే డ్రైవరు, సహాయకుడు ఇద్దరూ దాని రంగు పైకి పలకాలి. ఒకరు పలికాక రెండోవారు చూడకుండానే వంత పాడుతున్నారా, నిజంగా చూసి చెబుతున్నారా అన్నది గొంతులోనే తెలిసిపోతుంది. వేగం నమోదైన రికార్డు ఆ తర్వాత ఎప్పుడైనా తీసి చూడవచ్చు, ఈ గొంతు మాత్రం ఏ యంత్రంలోనూ దొరకదు. తానూ అదే కుర్చీలో నిద్రతో పోరాడినవాడు కాబట్టే ఇన్‌స్పెక్టరు పట్టుకోగలడు. బండి దిగాక జరిగే మాటల్ని రైల్వేలో కౌన్సెలింగ్ అంటారు. అందులో బ్రేకు ఎక్కడ వేశాడన్నదాంతో పాటు ఇంట్లో విశ్రాంతి దొరికిందా అన్నదీ వస్తుంది. నిద్రలేని డ్రైవరు ఎర్ర సిగ్నల్ దాటితే పోయేవి వందల ప్రాణాలు. ఆ ప్రశ్న అంత ముఖ్యమైనది.

ధ్యాస ఒక్కటే చాలదు, దారీ తెలిసుండాలి. కొత్త సెక్షన్‌కు వచ్చిన లోకో పైలట్ ముందు దారి నేర్చుకునే ట్రిప్పులు వెళ్లాలి. వాటిలో రాత్రి ప్రయాణమూ ఉంటుంది. వంపులు, ఎత్తులు, ఏ సిగ్నల్ ఏ చెట్టు చాటున కనిపిస్తుందో గుర్తుపట్టాలి. దారి తనకు తెలిసిందని అతను స్వయంగా సంతకం చేసి ఇచ్చాకే అక్కడ బండి అప్పగిస్తారు.