కారు గుమ్మం దాకా రావాలా?

కొత్త ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు వంటిల్లు ఎటుంది, పూజగదికి చోటుందా అని చూసుకుంటాం. కారు పార్కింగ్ సంగతి మగవాళ్ళు మాట్లాడుకుంటారులే అని వదిలేస్తాం. కానీ ఆ ఇంట్లో పిల్లలు ఎక్కడ ఆడతారు, పక్కింటివాళ్ళు మనకి ఎంత దగ్గరవుతారు అన్నది చాలావరకు ఆ కారు ఎక్కడ ఆగుతుందన్నదాన్ని బట్టే ఉంటుంది. డెన్మార్క్‌లో కొన్ని కుటుంబాలు ఈ సంగతిని యాభై ఏళ్ళ క్రితమే గ్రహించాయి.

1964లో యాన్ గుడ్మన్‌ హోయర్ అనే ఆర్కిటెక్టు స్నేహితులతో కూర్చుని, ఎవరిల్లు వాళ్ళకుంటూనే అందరికీ కలిపి ఒక ఉమ్మడి ఇల్లు ఉండే చిన్న ఊరు కడదామని ఆలోచించాడు. స్థలం దొరికింది కానీ, ఇంతమంది పిల్లలు చేరితే గోలని చుట్టుపక్కలవాళ్ళు అడ్డం పడ్డారు. అది ఆగిపోయింది. 1967లో బొడిల్ గ్రా అనే రచయిత్రి పత్రికలో ఒక వ్యాసం రాసింది. పిల్లలకి వందమంది తల్లిదండ్రులుండాలి అన్నది దాని శీర్షిక. అమ్మానాన్నలే కాక నాలుగిళ్ళ పెద్దలూ పిల్లల్ని కనిపెట్టుకుని ఉండాలన్నది ఆవిడ కోరిక. మనకిది కొత్త కాదు. పూర్వం మన వీధుల్లో జరిగిందే కదా!

ఈ ఆలోచనల్లోంచి 1972లో 27 ఇళ్ళతో సెట్టెడామెన్, 1973లో 33 ఇళ్ళతో స్క్రోప్లానెట్ వెలిశాయి. వీటినే తర్వాత కోహౌసింగ్ అన్నారు. ఆ తర్వాత వచ్చిన ఇలాంటి ఊళ్ళలో చాలావాటికి ఒక పద్ధతి స్థిరపడింది: కార్లు అంచున ఆగుతాయి, అక్కణ్ణుంచి ఇంటికి నడిచే వెళ్ళాలి. దారిలో ఉమ్మడి ఇల్లు తగులుతుంది. వంటింటి కిటికీ ఆ నడకదారి వైపుకే ఉంటుంది. కూర తరుగుతూనే పిల్లల్ని చూసుకోవచ్చన్నమాట. 1984లో యూస్ట్రుప్ అనే చోట కట్టిన 21 ఇళ్ళ సముదాయంలో అయితే ఇళ్ళ మధ్య వీధికి ఏకంగా గాజు కప్పే వేశారు, చలికాలంలోనూ పిల్లలు ఆడుకునేలా.

కారు ఎంత చోటు తింటుందో లెక్క వేసి చూడండి. ఒక కారు నిలబడే చోటు సుమారు 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు. అంటే ఒక పడకగదంత. తిప్పుకోవడానికి దారి కూడా కలిపితే దాదాపు రెట్టింపు. 30 ఇళ్ళకి ఇంటికో కారు చొప్పున వేసుకున్నా దాదాపు 900 గజాలు అవుతుంది. ఆ గజాలు గుమ్మాల ముందు పోతే వాకిళ్ళు మాయమవుతాయి. ఒక అంచున పోతే మధ్యలో నేల మిగులుతుంది.

ఇందులో కష్టం లేకపోలేదు. చంకలో బిడ్డ, చేతిలో బియ్యం బస్తా, పైన వాన. అప్పుడు నడకదారి ఎంత అందంగా ఉందని ఎవరు చూస్తారు? మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు అంత దూరం ఎలా నడుస్తారు? సరుకులు మోసేదీ, పిల్లల్నీ పెద్దల్నీ నడిపించేదీ ఎక్కువగా ఆడవాళ్ళే కాబట్టి ఈ దూరం భారం మొదట పడేదీ వాళ్ళ మీదే. అందుకే పార్కింగ్ దగ్గర చేతిబండ్లు ఉంచడం, నడవలేనివాళ్ళకి ఇళ్ళ దగ్గరే రెండు మూడు చోట్లు కేటాయించడం, అంబులెన్సు వచ్చేంత వెడల్పుగా దారి వదలడం వంటి ఏర్పాట్లు ఈ పద్ధతికి తోడవ్వాలి. ఇవి లేకపోతే పిల్లలకి మేలు చేయబోయి పెద్దలకి శిక్ష వేసినట్టవుతుంది.

1988లో మెకామంట్, డ్యురెట్ అనే ఆర్కిటెక్టు దంపతులు ఈ డెన్మార్క్ ఊళ్ళ మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. 1991లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో 26 ఇళ్ళతో మ్యూర్ కామన్స్ వచ్చింది. అమెరికాలో కొత్తగా కట్టిన మొదటి కోహౌసింగ్ ఇదే. అమెరికాలో చాలా ఊళ్ళలో ఇంటికి ఇన్ని పార్కింగులు ఉండి తీరాలని నిబంధన ఉండేది. అందువల్ల కారు తక్కువ వాడదామనుకున్నవాళ్ళు కూడా కారు కోసం నేల వదలాల్సి వచ్చేది. జర్మనీలో ఫ్రైబుర్గ్ ఊరి వౌబన్ పేటలో ఇంకో దారి పట్టారు. అక్కడ చాలా వీధుల్లో ఇళ్ళ ముందు కారు నిలపకూడదు. కారున్నవాళ్ళు పేట అంచునున్న గరాజులో చోటు కొనుక్కోవాలి. లేనివాళ్ళు లేదని రాసిచ్చి ఆ ఖర్చు తప్పించుకోవచ్చు. ఎవరి కారు బరువు వాళ్ళదే.

మన అపార్ట్‌మెంట్లలో పిల్లలు స్తంభాల మధ్య, కార్ల మధ్య క్రికెట్ ఆడుతున్నారు. హారన్ వినబడగానే బ్యాటు పట్టుకుని గోడకి అతుక్కుపోతారు. కట్టేసిన భవనాన్ని మార్చలేం, నిజమే. కానీ సాయంత్రం రెండు గంటలు ఒక వైపు దారిలోకి కార్లు రాకుండా చూడమని అసోసియేషన్ మీటింగులో అడగొచ్చు. గేటు దగ్గర ఒక చేతిబండి పెట్టమనొచ్చు. పార్కింగ్ విషయం వచ్చినప్పుడు టీ కప్పులు సర్దడానికి లేవకుండా, ఆ కాసేపూ మనం కూడా అక్కడే కూర్చోవాలి మరి.